వుహాన్ దారులు మూస్తే ఎన్ని రోజులు కలిసొచ్చాయి: ఒక మోడలింగ్ కేస్ స్టడీ

2020 జనవరి 23, ఉదయం పది గంటలు. కోవిడ్‌ని కట్టడి చేయడానికి, కోటికి పైగా జనాభా ఉన్న చైనా నగరం వుహాన్ నుంచి విమానాలు, రైళ్లు, బస్సులు, ఫెర్రీలు అన్నీ ఆగిపోయాయి. చైనా కొత్త సంవత్సరం పండగకి అప్పటికి రెండు రోజులే ఉంది.

అంటువ్యాధుల మోడలింగ్ నేర్చుకోడానికి కొత్తగా వచ్చేవాళ్లకి నేను మొదట ఇచ్చే కేసు ఇదే. కారణాలు రెండు. మామూలుగా ప్రభుత్వాల ఆంక్షలు విడతలు విడతలుగా వస్తాయి, సడలింపులు ఉంటాయి, ఏది ఎప్పుడు మొదలైందో తేల్చడానికే సగం పని అయిపోతుంది. ఇక్కడ మాత్రం తేదీ, గంట కూడా ఉన్నాయి. రెండోది, ఒకే ప్రశ్న మీద వేర్వేరు బృందాలు వేర్వేరు డేటాతో పనిచేసి, తమ ఊహలన్నీ బయటపెట్టాయి. కాబట్టి ఎవరి లెక్క ఎక్కడ వంగిందో మనం కూర్చుని చూడొచ్చు. పెద్ద కంప్యూటర్ అవసరం చాలా చివర్లో వస్తుంది. ఈ కేసులో ముప్పాతిక వంతు కాగితం, క్యాలిక్యులేటర్‌తో అయిపోతుంది.

ప్రశ్న ఇది: దారులు మూయడం వల్ల వ్యాప్తి ఎన్ని రోజులు ఆలస్యమైంది? చైనా లోపల ఎంత, బయట ఎంత, ఆ రెండు జవాబులూ అంత వేరుగా ఎందుకు వచ్చాయి?

ముగ్గురు రోగుల నుంచి పదిహేడు వందలకి

లాక్‌డౌన్ కంటే ముందు సంగతి. జనవరి రెండో వారంలో వుహాన్ అధికారికంగా చెప్పిన కేసులు 41. జనవరి 13న థాయ్‌లాండ్ తన మొదటి కేసు ప్రకటించింది. చైనా బయట అదే మొదటిది. కొద్ది రోజుల్లో థాయ్‌లాండ్‌లో ఇద్దరు, జపాన్‌లో ఒకరు తేలారు. మొత్తం ముగ్గురు.

ఇక్కడే అనుభవం ఉన్నవాళ్లకి అనుమానం రావాలి. 41 మందే ఉన్న ఊరి నుంచి ముగ్గురు విదేశాల్లో పట్టుబడతారా? లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం జనవరి 17న విడుదల చేసిన మొదటి రిపోర్టు చేసింది ఈ అనుమానాన్ని అంకెల్లో పెట్టడమే.

వుహాన్ విమానాశ్రయం నుంచి విదేశాలకి రోజుకి సగటున 3,301 మంది ప్రయాణికులు. ఆ విమానాశ్రయం మీద ఆధారపడే జనాభా 1.9 కోట్లు. అంటే ఒక మనిషి ఒక రోజున విదేశానికి ఎక్కే అవకాశం 3,301ని 1.9 కోట్లతో భాగిస్తే వచ్చేది: సుమారు 0.000174. వ్యాధి సోకినప్పటి నుంచి బయటపడి గుర్తించే దాకా పది రోజులు అనుకున్నారు. ఇందులో సగం ఇంక్యుబేషన్ (సోకాక లక్షణాలు కనిపించే దాకా పట్టే కాలం), మిగతా సగం లక్షణాలు వచ్చాక ఆస్పత్రికి చేరే సమయం. ఆ పది రోజుల్లో ఎప్పుడు విమానం ఎక్కినా అతను విదేశంలో దొరుకుతాడు. పదితో గుణిస్తే 0.00174. అంటే సుమారు 575 మంది రోగుల్లో ఒక్కరు విదేశంలో తేలతారు. ముగ్గురు తేలారంటే వెనక సుమారు 1,700 మంది ఉండాలి. రిపోర్టు ఇచ్చిన సంఖ్య జనవరి 12 నాటికి 1,723.

ఈ సంఖ్యని ఇక్కడితో వదిలేస్తే ప్రమాదం. అదే రిపోర్టు ఇచ్చిన విశ్వసనీయ అవధి, అంటే అసలు సంఖ్య ఉండొచ్చని అనుకునే హద్దులు, 427 నుంచి 4,471. ముగ్గురు మనుషుల మీద కట్టిన అంచనాకి అంత వెడల్పు ఉండకపోతేనే ఆశ్చర్యపోవాలి. నేను విద్యార్థుల చేత తప్పనిసరిగా చేయించేది ఇంకోటి ఉంది: 1.9 కోట్లకి బదులు నగర జనాభా 1.1 కోట్లు పెట్టి మళ్లీ లెక్క కట్టమంటాను. జవాబు వెంటనే వెయ్యికి పడిపోతుంది. పది రోజులకి బదులు ఎనిమిది పెడితే 2,150 దాటుతుంది. వైరస్ గురించి కొత్తగా ఏమీ తెలియలేదు. ఆ విమానాశ్రయం ఎవరిది అనే ప్రశ్నకి మనం ఇచ్చే జవాబే కేసుల సంఖ్యని సగానికి సగం మార్చేస్తోంది. మోడల్ ఎంత గొప్పదైనా హారంలో పెట్టే జనాభాని ఎవరూ అడగకుండా వదిలేయకూడదు.

ఈ లెక్కలో బయటికి కనిపించని ఊహ ఒకటి ఉంది. విమానం ఎక్కేవాళ్లకీ ఊళ్లో ఉండేవాళ్లకీ వ్యాధి సోకే అవకాశం సమానమని. విదేశాలకి వెళ్లేవాళ్లకి సోకే అవకాశం తక్కువైతే అసలు కేసులు ఇంకా ఎక్కువ ఉన్నట్టు. విదేశాల్లో కొందరు రోగులు దొరక్కుండా పోయినా అంతే, అంచనా పైకే వెళ్తుంది. రెండు లోపాలూ ఒకే దిక్కుకి లాగుతున్నాయి కాబట్టి 1,723ని నేనైతే కనీస సంఖ్యకి దగ్గరగా చదువుతాను.

జనవరి 22న రెండో రిపోర్టు వచ్చింది. అప్పటికి విదేశాల్లో ఏడు కేసులు. జనవరి 18 నాటికి వుహాన్‌లో 4,000 ఉండొచ్చని అంచనా, అవధి 1,000 నుంచి 9,700.

తర్వాత హాంకాంగ్ విశ్వవిద్యాలయం బృందం లాన్సెట్ వైద్య పత్రికలో ఇచ్చిన అంచనా చూస్తే కొత్తవాళ్లు గాభరా పడతారు. జనవరి 25 నాటికి వుహాన్‌లో 75,815 మందికి సోకిందని. ఆర్-నాట్ (ఎవరికీ రోగనిరోధకత లేని చోట ఒక రోగి సగటున ఎంతమందికి అంటిస్తాడో చెప్పే సంఖ్య) 2.68, కేసులు రెట్టింపు కావడానికి పట్టే కాలం, అంటే రెట్టింపు కాలం, 6.4 రోజులు. వాళ్ల రెట్టింపు కాలాన్నే తీసుకుని ఇంపీరియల్ వారి 4,000ని ఏడు రోజులు ముందుకి నడిపితే 8,500 దగ్గర ఆగుతుంది. తొమ్మిది రెట్ల తేడా. ఇద్దరిలో ఒకరు తప్పా? కానక్కర్లేదు. ఇంపీరియల్ వారు లెక్కపెట్టింది లక్షణాలు బయటపడిన కేసుల్ని. హాంకాంగ్ వారు లెక్కపెట్టింది సోకిన ప్రతి ఒక్కరినీ, ఇంక్యుబేషన్‌లో ఉన్నవాళ్లతో సహా. కేసులు వేగంగా పెరిగే రోజుల్లో, సోకినా ఇంకా లక్షణాలు రానివాళ్లు ఎప్పుడూ పెద్ద వాటాయే. దాని మీద స్వల్ప లక్షణాలతో ఆస్పత్రి గడప తొక్కనివాళ్లు. తేడా అంతా ఇందులోనే ఉందని అనను, ఊహలు కూడా వేరే. కానీ రెండు మోడళ్లని పోల్చే ముందు అవి ఒకే వస్తువుని లెక్కపెడుతున్నాయో లేదో చూడకుండా గ్రాఫులు గీయడం ఈ రంగంలో చాలా మామూలు పొరపాటు.

ఎవరు ఎక్కడికి వెళ్లారు

రాకపోకల మోడల్ ఎముకల గూడు చాలా పాతది. ప్రతి ఊరికి ఒక ఎస్ఈఐఆర్ మోడల్: సోకే అవకాశం ఉన్నవాళ్లు, సోకి ఇంకా అంటించనివాళ్లు, అంటించేవాళ్లు, కోలుకున్నవాళ్లు. ఊళ్ల మధ్య ఒక పట్టిక, ఏ ఊరి నుంచి ఏ ఊరికి రోజుకి ఎంతమంది అని. దీన్ని మెటాపాపులేషన్ మోడల్ అంటాం. 1968 నాటి హాంకాంగ్ ఫ్లూ 52 నగరాల విమాన మార్గాల మీద ఎలా పాకిందో ర్వాచెవ్, లాంగిని 1985లోనే ఇలా లెక్కగట్టారు. తర్వాతి నలభై ఏళ్లలో ప్రధానంగా పెరిగింది ఆ పట్టికలోని వివరం.

వుహాన్ కేసులో ఆ పట్టికకి రెండు ఆధారాలున్నాయి. దేశం బయటికి విమాన ప్రయాణాల గణాంకాలు, దేశం లోపల బైదూ సంస్థ ఫోన్ల లొకేషన్ నుంచి తయారుచేసిన వలస సూచీ. విమానాల పట్టిక మొదట్లో బాగానే పలికింది. 2018 జనవరి–మార్చి ప్రయాణాలని బట్టి వుహాన్ నుంచి ఎక్కువమంది వెళ్లే విదేశీ గమ్యాల్లో బ్యాంకాక్, టోక్యో ముందున్నాయని 2020 జనవరి మధ్యలోనే ఒక బృందం రాసింది. మొదటి రెండు విదేశీ కేసులు సరిగ్గా ఆ దేశాల్లోనే వచ్చాయి. వైరస్‌కి దేశపటంలోని కిలోమీటర్లు పట్టవు. ఒక చోటి నుంచి బయల్దేరేవాళ్లలో ఎంత శాతం ఇంకో చోటికి వెళ్తున్నారో దాన్ని బట్టే ఆ రెండు చోట్ల మధ్య దూరం కొలవాలని బ్రాక్‌మన్, హెల్బింగ్ 2013లో సైన్స్ పత్రికలో చూపించారు. సార్స్, 2009 ఇన్‌ఫ్లుయెంజా ఎప్పుడెప్పుడు ఏ దేశం చేరాయో ఆ దూరం మీద గీస్తే దాదాపు సరళరేఖ మీద పడ్డాయి.

దేశం లోపలి ఫోన్ డేటా దగ్గర జాగ్రత్త పడాలి. బైదూ ఇచ్చేది సూచీ, మనుషుల లెక్క కాదు. దాన్ని తలల లెక్కకి మార్చడానికి ఏదో ఒక గుణకం పెట్టాలి, ఆ గుణకం మీద ఫలితం ఆధారపడుతుంది. పైగా పండగ ప్రయాణం మామూలు ప్రయాణం లాంటిది కాదు. పనికి వెళ్లినవాడు సాయంత్రానికో వారానికో తిరిగొస్తాడు. పండగకి సొంతూరు వెళ్లినవాడు అక్కడే రోజుల తరబడి ఉండి, ఒకే ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి తింటాడు. పట్టికలో ఇద్దరూ ఒకే అంకె. అంటించే అవకాశంలో ఇద్దరూ ఒకటి కారు. లాక్‌డౌన్‌కి ముందు దాదాపు 50 లక్షల మంది నగరం విడిచి వెళ్లారని వుహాన్ మేయర్ స్వయంగా చెప్పారు. వాళ్లందరూ రోగం భయంతో పారిపోయినవాళ్లని అప్పట్లో చాలామంది అనుకున్నారు. పండగ నెలలో ఏటా ఉండే రద్దీని తీసేయకుండా ఆ మాట అనలేం.

అసలు తగ్గుతుంది, వడ్డీ తగ్గదు

ఇప్పుడు కేసుకి గుండెకాయ లాంటి లెక్క. ఒక ఊళ్లో రోగుల సంఖ్య ఘాతాంక వేగంతో పెరుగుతోంది. అక్కడి నుంచి ఇంకో ఊరికి వెళ్లే రోగుల సంఖ్య, ఊళ్లోని రోగులని ప్రయాణ అవకాశంతో గుణిస్తే వస్తుంది. ప్రయాణాలని ఐదో వంతుకి కోశాం, అంటే 80 శాతం ఆపేశాం. గమ్యానికి చేరే రోగులు ఐదో వంతు అవుతారు. కానీ మూలస్థానంలో పెరుగుదల ఆగలేదు. అక్కడ రోగులు ఐదు రెట్లు అయిన రోజున, ఆంక్ష లేనప్పుడు ఎంతమంది వచ్చేవారో మళ్లీ అంతమందే వస్తారు. కాబట్టి మనకి కలిసొచ్చిన సమయం అంటే ఐదు రెట్లు పెరగడానికి పట్టే సమయం, అంతే.

చక్రవడ్డీ అప్పులో అసలు కొంత తీర్చేసి వడ్డీ రేటు అలాగే ఉంచినట్టు ఇది.

అంకెల్లో చూద్దాం. రెట్టింపు కాలం 6.4 రోజులైతే, సగానికి సగం ప్రయాణాలు ఆపితే వచ్చేది 6.4 రోజులు. 80 శాతం ఆపితే 15 రోజులు. 90 శాతానికి 21. 99 శాతానికి, అంటే వందలో ఒక్కరినే వదిలితే, 42 రోజులు. అధికారుల ముందు ఈ వరస పెట్టినప్పుడు వాళ్ల ముఖాల్లో నిరాశ కనిపిస్తుంది. వందలో తొంభై తొమ్మిది మందిని ఆపడానికి అయ్యే ఆర్థిక నష్టం ఊహించుకోండి, దానికి ప్రతిఫలం ఆరు వారాలు. రెట్టింపు కాలం మూడు రోజులే అయితే పరిస్థితి ఇంకా దారుణం: 80 శాతానికి ఏడు రోజులు, 99 శాతానికి ఇరవై. వుహాన్‌లో తొలి దశ రెట్టింపు కాలం రెండు మూడు రోజులేనని తర్వాత కొన్ని అంచనాలు వచ్చాయి కూడా. ఎంత వేగంగా పాకే రోగమైతే దారులు మూయడం వల్ల అంత తక్కువ కలిసొస్తుంది.

లెక్క సులువు కాబట్టి దీన్నే చివరి మాట అనుకోవద్దు. ఇందులో రెండు షరతులున్నాయి. గమ్యంలో అప్పటికి రోగం చేరి ఉండకూడదు. మూలస్థానంలో పెరుగుదల అలాగే కొనసాగాలి. వుహాన్ కేసులో మొదటి షరతు చైనా లోపల తప్పింది, రెండోది కొద్ది వారాల్లో వుహాన్‌లోనే తప్పింది.

లోపల మూడు నుంచి ఐదు రోజులు

మాటియో కినాజ్జి, అలెస్సాండ్రో వెస్పిన్యాని, వారి సహచరులు గ్లీమ్ అనే ప్రపంచవ్యాప్త మెటాపాపులేషన్ మోడల్‌తో చేసిన పని 2020 మార్చిలో సైన్స్‌లో వచ్చింది. వుహాన్ దారులు మూయడం వల్ల చైనా ప్రధాన భూభాగంలో వ్యాధి ముందుకు సాగడం ఆలస్యమైంది 3 నుంచి 5 రోజులే అని వాళ్ల ఫలితం. ఇంకో బృందం పూర్తిగా వేరే పద్ధతిలో, ఊళ్లలో మొదటి కేసు వచ్చిన తేదీల మీద గణాంక విశ్లేషణ చేసి, ఇతర నగరాలకి చేరడం 2.91 రోజులు ఆలస్యమైందని చెప్పింది. రెండూ ఒకే కొలత కాదు, ఒకటి వ్యాప్తి మొత్తం గురించి, ఇంకోటి మొదటి రాక గురించి. అయినా పరిమాణంలో దగ్గర దగ్గరగా వచ్చాయి. వేర్వేరు ఊహల మీద నిలబడ్డ రెండు లెక్కలు ఒకే చోటికి వస్తే నాకు ఒక పెద్ద మోడల్ ఇచ్చే ఇరుకైన అవధి కంటే ఎక్కువ నమ్మకం కలుగుతుంది.

ఎందుకింత తక్కువ? జనవరి 23 నాటికే రోగం మిగతా నగరాల్లో నాటుకుంది. ఒక ఊళ్లో స్థానికంగా వ్యాప్తి మొదలయ్యాక అక్కడి రోజువారీ కొత్త కేసులకి రెండు పద్దులుంటాయి. బయటి నుంచి వచ్చేవి కూడికలో కలుస్తాయి. లోపల పుట్టేవి గుణకారంలో పెరుగుతాయి. కొద్ది రోజుల్లో రెండో పద్దు మొదటిదాన్ని మింగేస్తుంది. ఆ తర్వాత మొదటి పద్దుని సున్నా చేసినా గ్రాఫు పెద్దగా కదలదు. ఫోన్ డేటాతో చేసిన ఇంకో విశ్లేషణ దీన్ని వేరే వైపు నుంచి చూపించింది: తొలి రోజుల్లో చైనాలో కేసులు ఎక్కడెక్కడ వచ్చాయో వుహాన్ నుంచి ప్రయాణాలు బాగా వివరించగలిగాయి, నియంత్రణ చర్యలు వచ్చాక ఆ సంబంధం సడలిపోయింది.

ఇక్కడ విడదీయలేని ముడి ఒకటుంది. ఆ రోజు వుహాన్‌లో దారులు మూయడంతో పాటు ఊరి లోపలి కదలికలు, కలయికలు కూడా పడిపోయాయి. కాగితం మీద ఇవి రెండు మీటలు, ఒకటి నొక్కి ఇంకోటి వదిలేసి చూడొచ్చు. వాస్తవంలో రెండూ ఒకే వారంలో పడ్డాయి. 3 నుంచి 5 రోజులు అనేది మొదటి మీట ఒక్కదాని ప్రభావం. "వుహాన్ లాక్‌డౌన్ మూడు రోజులకే పనికొచ్చింది" అని దీన్ని వార్తగా రాస్తే అది ఆ పేపర్ చెప్పని మాట.

బయట కథ వేరు

కినాజ్జి బృందం అధ్యయనం ప్రకారమే చైనా నుంచి విదేశాలకి చేరే కేసులు ఫిబ్రవరి మధ్య వరకు దాదాపు 80 శాతం తగ్గాయి. ఆ తర్వాత మిగతా చైనా నగరాల నుంచి రాకలు పుంజుకునే పరిస్థితి వచ్చింది.

ఈ 80 శాతాన్ని నేను మళ్లీ రోజుల్లోకి మార్చకుండా ఇంకో రకంగా చదువుతాను. ఎందుకంటే విదేశాల్లో అప్పటికి వచ్చిన రోగులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది, అంత చిన్న సంఖ్యల దగ్గర సగటు కంటే అదృష్టం పాత్ర పెద్దది. కోవిడ్‌లో సోకినవాళ్లలో ఎక్కువమంది ఎవరికీ అంటించరు, కొద్దిమంది చాలామందికి అంటిస్తారు. దీన్ని కొలిచే విస్తరణ పరామితిని (ఎంత చిన్నదైతే అంటించడం అంత కొద్దిమంది చేతుల్లో ఉన్నట్టు) 0.1 అనీ, ఆర్-నాట్‌ని 2.5 అనీ తీసుకుంటే, వచ్చిన ఒక రోగి నుంచి మొదలైన గొలుసు దానంతట అదే ఆరిపోయే అవకాశం సుమారు 86 శాతం అని లెక్క తేలుతుంది. అంటుకునే అవకాశం 14 శాతమే.

ఇప్పుడు కోత వేసి చూడండి. పది మంది రావలసిన చోట ఇద్దరే వచ్చారు. వ్యాప్తి మొదలయ్యే అవకాశం 78 శాతం నుంచి 26 శాతానికి పడుతుంది. గొప్ప లాభం. వంద మంది రావలసిన చోట ఇరవై మంది వచ్చారు. కోత శాతం అదే 80. వ్యాప్తి మొదలయ్యే అవకాశం మాత్రం దాదాపు నూటికి నూరు నుంచి 95కి. ఖర్చు అదే, ఫలితం శూన్యానికి దగ్గర. ప్రయాణ ఆంక్షలు పనిచేస్తాయా అని టీవీ చర్చల్లో అడిగినప్పుడల్లా నాకు చిరాకు వచ్చేది ఇందుకే. ఎంతమంది రాబోతున్నారో చెప్పకుండా ఆ ప్రశ్నకి జవాబు లేదు.

రెండో చిక్కు, వచ్చినవాళ్లని మనం చూస్తున్నామా అన్నది. సింగపూర్ నిఘాని కొలబద్దగా పెట్టుకుని చేసిన ఒక అధ్యయనం, వుహాన్ నుంచి వచ్చిన కేసులని పట్టుకోవడంలో మిగతా ప్రపంచం సామర్థ్యం సింగపూర్‌తో పోలిస్తే 38 శాతమేనని అంచనా వేసింది. ఇండోనేషియాకి వుహాన్ నుంచి గణనీయంగా ప్రయాణాలున్నా ఫిబ్రవరి అంతా సున్నా కేసులు. ప్రయాణాల మోడల్ అక్కడ కొన్ని కేసులు ఉండాలని చెప్పింది. మార్చి 2న మొదటి కేసులు ప్రకటించారు. మోడల్‌కీ రిపోర్టుకీ మధ్య అలాంటి ఖాళీ కనిపిస్తే తప్పు మోడల్‌దేనని వెంటనే అనుకోకూడదు. పరీక్షలు ఎక్కడ పెంచాలో చెప్పే సూచన అది, రాకపోకల మోడళ్లకి అంతకంటే మంచి ఉపయోగం తక్కువ.

మూడోది, దారి ఒక్కటే ఉండదు. ఇటలీ జనవరి 31న చైనా విమానాలు ఆపింది. ఫిబ్రవరి 20 రాత్రి అక్కడి కొదోన్యో పట్టణంలో కేసు తేలేసరికి ఉత్తర ఇటలీలో వ్యాప్తి ఎప్పుడో మొదలైపోయింది. అమెరికా చైనా నుంచి వచ్చేవాళ్ల మీద ఫిబ్రవరి 2 నుంచి ఆంక్షలు పెట్టింది. యూరప్ మీద పెట్టింది మార్చి 13న. న్యూయార్క్ తొలి కేసుల వైరస్ జన్యుక్రమాలు చూస్తే ఎక్కువ భాగం యూరప్ నుంచి వచ్చినవి. మూలస్థానం ఒక్కటే అనుకుని గీసిన పట్టిక ఫిబ్రవరి మధ్యకల్లా పాతబడిపోయింది. వారం వారం కొత్త మూలాలని చేర్చని మోడల్ అప్పటికి రోగం లేని దారినే కాపలా కాస్తోంది.

రిపోర్టులో ఏం రాయాలి

ఇలాంటి పని అధికారుల చేతికి ఇచ్చేటప్పుడు నేను పెట్టుకున్న పద్ధతి ఒకటి. "80 శాతం తగ్గుదల" అని ఎక్కడా ఒంటరిగా రాయను. పక్కనే మూడు గళ్లు ఉంటాయి: ఆంక్ష లేకపోతే వారానికి ఎంతమంది రోగులు రావొచ్చు, ఆంక్షతో ఎంతమంది, స్థానికంగా వ్యాప్తి మొదలయ్యే అవకాశం రెండు సందర్భాల్లో ఎంత. మూడో గడిలో రెండు అంకెలూ 90 దాటితే ఆ ఆంక్షకి పెట్టే డబ్బు పరీక్షలకి, ఆస్పత్రి పడకలకి మళ్లించమని రాస్తాను. ఒకటి 70, ఇంకోటి 20 అయితే వెంటనే మూయమంటాను, ఆ సమయంలో ఏం సిద్ధం చేస్తారో తేదీలతో అడుగుతాను.

నాలుగో గడి కూడా ఉండాలి, చాలామంది దాన్ని వదిలేస్తారు. అందులో ఊరి లోపల అంటించే వేగం ఎంత తగ్గబోతోందో ఉంటుంది. కినాజ్జి బృందం చైనాకి, చైనా నుంచి ప్రయాణాలు 90 శాతం కోసినా, సమాజంలో వ్యాప్తి 50 శాతమో అంతకంటే ఎక్కువో తగ్గకపోతే మొత్తం గమనం మీద ప్రభావం స్వల్పమేనని చూపించింది. ఈ గడి ఖాళీగా ఉన్న రిపోర్టు నా టేబుల్ మీదికి వస్తే, ఎంత అందమైన విమాన మార్గాల పటం జత చేసినా, నింపి పంపమని వెనక్కి తిప్పేస్తాను.